బొమ్మ ఒకటే, గొంతులే వేరు: అమెరికా టీవీలో సాకర్ ఎవరు బాగా చూపిస్తున్నారు?

అమెరికాలో సాకర్ (మన ఫుట్‌బాల్) చూసేవాళ్లు ఛానెళ్లను తిట్టేటప్పుడు ఒక సంగతి మరచిపోతుంటారు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అయినా, వరల్డ్ కప్ అయినా, తెరమీద కనిపించే బొమ్మలో అమెరికా ఛానెల్ చేయి పెద్దగా ఉండదు. మైదానం చుట్టూ కెమెరాలు పెట్టేదీ, ఏ కోణం ఎప్పుడు చూపాలో, రీప్లే ఎప్పుడు వేయాలో తేల్చేదీ లీగ్ గానీ ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా గానీ నియమించుకున్న వేరే బృందం. వరల్డ్ కప్‌కి ఆ పని హెచ్‌బీఎస్ అనే సంస్థ చేస్తుంది. అలా తయారైన దాన్నే వరల్డ్ ఫీడ్ అంటారు. హైదరాబాద్‌లో చూసినా హ్యూస్టన్‌లో చూసినా అదే బొమ్మ. కాబట్టి బంతి గోల్ దగ్గరుండగా కోచ్ మొహం చూపించారని ఛానెల్ మీద పళ్లు నూరితే లాభం లేదు.

ఛానెల్ తన చేత్తో పెట్టేది కామెంటరీ, స్టూడియో, ప్రకటనలు. దానికి తోడు బొమ్మ మన ఇంటికి చేరేసరికి జరిగే ఆలస్యం, నాణ్యతలో కోత. ఎవరికి మార్కులు వేసినా వీటికే వేయాలి.

ముందు ఎన్‌బీసీ. 2013-14 సీజన్ నుంచి అమెరికాలో ప్రీమియర్ లీగ్ వాళ్లదే, ఇప్పటి ఒప్పందం 2028 దాకా ఉంది. మొదటి ఏడాదే వాళ్లు తీసుకున్న నిర్ణయం ఒకటి ఈ దేశంలో సాకర్ ప్రసారాల తీరునే మార్చింది. చూసేవాడికి ఆట తెలుసు అనుకుని మాట్లాడటం. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ప్రతి శనివారం మొదటినుంచీ చెప్పరు. గోల్‌ను అమెరికన్ ఫుట్‌బాల్ టచ్‌డౌన్‌తో పోల్చరు. కనెక్టికట్‌లోని స్టాంఫర్డ్ స్టూడియోలో రెబెకా లోవ్ మొదటినుంచీ ఉంది. పక్కన రాబీ ఎర్ల్, రాబీ మస్టో, టిమ్ హోవార్డ్, అందరూ ఆ లీగ్‌లో ఆడినవాళ్లే. లోవ్ గొప్పతనం ఆమె వేసే ప్రశ్నలో ఉంది. "ఎలా అనిపించింది?" అని అడగదు. "ఆ లెఫ్ట్ బ్యాక్ ఎందుకు అంత ముందుకెళ్లాడు?" అన్న తరహాలో అడుగుతుంది. అలాంటి ప్రశ్న వేస్తే ఎదుటివాడు పొల్లు మాట చెప్పి తప్పించుకోలేడు.

మ్యాచ్ గొంతు తొమ్మిది సీజన్లు ఆర్లో వైట్‌ది. 2022-23 నుంచి పీటర్ డ్రూరీ. ఇండియాలో ఇంగ్లిష్ లీగ్ చూస్తూ పెరిగినవాళ్లకు డ్రూరీ కొత్త కాదు, అంతకుముందు వరల్డ్ ఫీడ్‌లో వినబడింది ఆయనే. ఆయన కామెంటరీ పౌరాణిక నాటకంలో పద్యం లాంటిది. చివరి నిమిషంలో గోల్ పడినప్పుడు ఆయన రాగం అందుకుంటే వన్స్ మోర్ అనాలనిపిస్తుంది. చిక్కేమిటంటే, బాణం వదలకముందే పద్యం మొదలైపోతుంది ఒక్కోసారి. మామూలు కార్నర్ కిక్‌కి కూడా మహాసంగ్రామం స్థాయి వాక్యం పడితే, అసలు ఘట్టం వచ్చేసరికి వినేవాడికి కిక్కు మిగలదు. పక్కన లీ డిక్సన్, గ్రేమ్ లె సో ఉన్న రోజుల్లో ఆ తూకం కుదురుతుంది. ఇద్దరూ డిఫెండర్లుగా ఆడినవాళ్లు కావడంతో గోల్ కొట్టినవాడి కంటే కొట్టనిచ్చినవాడి తప్పు ముందు చెబుతారు. నేర్చుకోవాలనుకునేవాడికి కావాల్సింది అదే.

అయితే వారంలో జరిగే పది మ్యాచ్‌లకూ ఎన్‌బీసీ సొంత కామెంటేటర్లు ఉండరు. చాలావాటికి వరల్డ్ ఫీడ్‌తో వచ్చిన గొంతునే వేస్తారు. అది తప్పేమీ కాదు, ఎక్కువసార్లు బాగానే ఉంటుంది. అయితే ఆ కామెంటేటర్ ప్రపంచమంతటికీ మాట్లాడుతున్నాడు, అందుకే అమెరికా ఆటగాడు మైదానంలోకి దిగినా ప్రత్యేకంగా పట్టించుకోడు. కొందరికి ఇది లోటు. నిజానికి ఇది వరం.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు లేని సుఖం ఒకటుంది. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఏ మ్యాచ్‌నీ లైవ్‌లో చూపకూడదన్న పాత నియమం ఉంది, జనం స్టేడియాలకు రావాలని. అందువల్ల మూడు గంటల మ్యాచ్‌లు అక్కడ టీవీలో రావు. ఇక్కడ 380 మ్యాచ్‌లూ లైవ్‌లో చూడొచ్చు. మాంచెస్టర్‌లో కూర్చున్నవాడు చూడలేని మ్యాచ్‌ని న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇడ్లీ తింటూ చూడొచ్చన్నమాట.

చూడొచ్చు గానీ, ఎక్కడ చూడాలన్నదే తలనొప్పి. కొన్ని మ్యాచ్‌లు ఎన్‌బీసీలో, కొన్ని యూఎస్‌ఏ నెట్‌వర్క్ అనే కేబుల్ ఛానెల్‌లో, కొన్ని ఎన్‌బీసీ వాళ్ల స్ట్రీమింగ్ యాప్ పీకాక్‌లో మాత్రమే. ఎన్‌బీసీలో వచ్చేవి పీకాక్‌లోనూ లైవ్‌గా వస్తాయి. యూఎస్‌ఏ నెట్‌వర్క్ మ్యాచ్‌లు మాత్రం పీకాక్‌లో లైవ్‌గా రావు, అయిపోయాక రీప్లే పెడతారు. పీకాక్ ఉంటే ప్రీమియర్ లీగ్ మొత్తం ఉన్నట్టే అనుకుని డబ్బు కట్టినవాళ్లు పెద్ద మ్యాచ్ రోజున యాప్ అంతా వెతుక్కునేది ఇందుకే. ప్రకటనలతో వచ్చే పీకాక్ నెలకు 4.99 డాలర్లు ఉండేది, 2025 వేసవికి 10.99 అయింది. ధర రెట్టింపుకు పైగా పెరిగినా ఈ గోడ మాత్రం కూలలేదు. ఎన్‌బీసీ పనితనంలో నిజంగా మచ్చ అంటే ఇదే.

యూరప్ పెద్ద క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ 2020 ఆగస్టు నుంచి సీబీఎస్ చేతిలో ఉంది, ప్రతి మ్యాచ్ పారమౌంట్ ప్లస్ అనే స్ట్రీమింగ్ యాప్‌లో వస్తుంది. వాళ్ల స్టూడియో గురించి చెప్పనక్కర్లేదు, మ్యాచ్ చూడనివాళ్లు కూడా ఆ క్లిప్పులు చూస్తుంటారు. మొదట్లో కేట్ అబ్డోగా, ఇప్పుడు కేట్ స్కాట్‌గా తెలిసిన యాంకర్, పక్కన మాజీ ఆటగాళ్లు తియరీ ఆన్రీ, జేమీ క్యారగర్, మైకా రిచర్డ్స్. నలుగురూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే అరుగు మీద నలుగురు కూర్చున్నట్టుంటుంది. సరదా బాగానే ఉంది. అయితే హాఫ్‌టైమ్ ఉన్నదే పదిహేను నిమిషాలు. ప్రకటనలు పోగా మిగిలినదాంట్లో రిచర్డ్స్ నవ్వు పోతే, ఆన్రీకి ఒక గోల్‌ను విడదీసి చెప్పడానికి దొరికేది ఒకటో రెండో నిమిషాలు. ఆ నిమిషంలోనే ఆయన, పరుగు ఏ వైపు తిప్పాడు, డిఫెండర్ ఏ కాలి మీద బరువు వేశాడు అని చెబుతుంటే, ఈ మనిషికి ఇంకో ఐదు నిమిషాలు ఇస్తే ఏం పోయింది అనిపిస్తుంది.

సీబీఎస్ దగ్గర అసలు సరుకు మాత్రం గోలాజో షో. ఒకే సమయంలో జరిగే మ్యాచ్‌లన్నిటి మధ్యా తిప్పుతూ, గోల్ వచ్చే చోటికి వెంటనే తీసుకెళ్లే కార్యక్రమం. 2024-25 నుంచి ఛాంపియన్స్ లీగ్‌లో 36 జట్లు, లీగ్ దశ చివరి రోజున 18 మ్యాచ్‌లు ఒకేసారి. ఆ రోజున ఏ ఒక్క మ్యాచ్ చూసినా నష్టమే, ఎందుకంటే మీ జట్టు తలరాత ఇంకో మూడు ఊళ్లలో రాస్తుంటారు. నీకో కాంటార్ లాంటి యాంకర్ ఎడంచేత్తో పట్టిక, కుడిచేత్తో గోల్ అన్నట్టు నడిపిస్తాడు. అమెరికా టీవీ సొంతంగా సాకర్‌కి చేర్చిన మంచి ఏదైనా ఉందంటే ఇదే. ఐడియా అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి తెచ్చుకున్నదే అయినా ఇక్కడ ఇంకా బాగా అతికింది. విడి మ్యాచ్‌లకు మాత్రం చాలాసార్లు వరల్డ్ ఫీడ్ కామెంటరీయే, ఒకరోజు బంగారం, ఒకరోజు ఇత్తడి.

ఇక అమెరికాలో వరల్డ్ కప్‌ని ఇంగ్లిష్‌లో చూపే ఫాక్స్. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికా ఛానెళ్లకు మొదటినుంచీ ఉన్న బాధ 45 నిమిషాల పాటు ఆట ఆగకపోవడం. 1994 వరల్డ్ కప్‌కి ఏబీసీ, ఈఎస్‌పీఎన్ దానికి దారి కనిపెట్టాయి. ఆట మధ్యలో ప్రకటనలు వేయకుండా, తెరమూల గడియారం పక్కన స్పాన్సర్ గుర్తు పెట్టాయి. రెండో బాధ, ఎవరిచేత చెప్పించాలి? 2006 వరల్డ్ కప్‌కి ఈఎస్‌పీఎన్ బేస్‌బాల్ కామెంటేటర్ డేవ్ ఓబ్రియన్‌ను ముందు పెట్టింది. ఆటతో పరిచయం లేని మనిషి గణాంకాల మీద ఆధారపడక తప్పదు. గణాంకం చదువుతుండగా కౌంటర్ అటాక్ అయిపోతుంది. బేస్‌బాల్‌లో బంతికీ బంతికీ మధ్య ఖాళీ ఉంటుంది, దాన్ని మాటతో నింపడం అక్కడ విద్య. సాకర్‌లో అదే విద్య అడ్డం.

2010కి ఈఎస్‌పీఎన్ బుద్ధి మార్చుకుని మార్టిన్ టైలర్, ఇయాన్ డార్క్, డెరెక్ రే లాంటివాళ్లను తెచ్చింది. అల్జీరియా మీద ఇంజురీ టైమ్‌లో లాండన్ డోనవన్ కొట్టిన గోల్‌కి అరిచిన గొంతు డార్క్ అనే ఇంగ్లిష్‌వాడిది. ఒక్క అమెరికన్ కూడా దాన్ని పరాయి గొంతు అనుకోలేదు. 2010, 2014 వరల్డ్ కప్‌ల ఈఎస్‌పీఎన్ ప్రసారాన్ని ఈనాటికీ కొలబద్దగా వాడేది ఇందుకే.

ఫాక్స్ 2013లో బాస్కెట్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న గస్ జాన్సన్‌ను రియల్ మాడ్రిడ్, మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్‌కి కూర్చోబెట్టి పాత తప్పే మళ్లీ చేసింది. మరుసటి ఏడాదే ఆయన పక్కకు తప్పుకున్నాడు. 2018 వరల్డ్ కప్‌లో చాలామంది కామెంటేటర్లను రష్యా పంపకుండా లాస్ ఏంజెలెస్‌లో తెర ముందు కూర్చోబెట్టింది. దీనివల్ల ఏం పోతుందో చెప్పాలి. స్టేడియంలో ఉన్న కామెంటేటర్ బంతిని చూస్తూనే ఓరకంట లైన్స్‌మన్ జెండా, బెంచీ దగ్గర చొక్కా విప్పుతున్న సబ్‌స్టిట్యూట్, దూరంగా చెయ్యెత్తి నిలబడ్డ వింగర్ అన్నీ చూస్తాడు. స్టూడియోలో ఉన్నవాడికి మనకు కనిపించే బొమ్మే దిక్కు. అందుకే ఆఫ్‌సైడ్ అయిన గోల్‌కి గొంతు చించుకుని అరుస్తాడు, లోపలికొచ్చిన ఆటగాడి పేరు రెండు నిమిషాలు ఆలస్యంగా చెబుతాడు, వీఏఆర్ (వీడియో రిఫరీ) దేనికి చూస్తోందో మనతోపాటు ఊహిస్తాడు. ఏ ఛానెల్‌లోనైనా ఈ మూడూ వరుసగా వినిపిస్తే కామెంటేటర్ మైదానంలో లేడని లెక్క.

ఫాక్స్ మొదటి జోడీ జాన్ స్ట్రాంగ్, స్టూ హోల్డెన్ మీద మాత్రం ఇక్కడి విమర్శకులు కొంచెం అన్యాయంగానే మాట్లాడతారు. స్ట్రాంగ్‌కి అమెరికన్ యాస ఉండటం తప్ప వేరే నేరం లేదు. పేర్లు సరిగ్గా పలుకుతాడు, గోల్ పడ్డాక జనం గోలను విననిస్తాడు. బాధంతా స్టూడియోతోనే. అమెరికా మాజీ ఆటగాడు అలెక్సీ లాలస్ ఉన్న బల్ల మన న్యూస్ ఛానెల్ రాత్రి డిబేట్‌లా ఉంటుంది. ఎవరు ఎందుకు గెలిచారన్నది కాకుండా, ఎవరు ఎవరికంటే గొప్ప అన్నదే చర్చ.

2026 వరల్డ్ కప్‌కి ఫిఫా పెట్టిన కొత్త నియమం వీటన్నిటికంటే పెద్ద సంగతి. ఎండ ఉన్నా లేకపోయినా ప్రతి సగంలో మూడు నిమిషాల మంచినీళ్ల విరామం. ఆటగాళ్ల ఆరోగ్యం కోసం అన్నది మంచి మాటే. పైకప్పు వేసి ఏసీ పెట్టిన డాలస్ స్టేడియంలో కూడా అదే విరామం అంటే మాత్రం, 1994లో మూసిన తలుపు మళ్లీ ఎవరి కోసం తెరుచుకుందో తెలుస్తూనే ఉంది. ఆట రెండు సగాలది కాస్తా నాలుగు ముక్కలవుతుంది. కోచ్‌కి టైమ్‌అవుట్ దొరికినట్టే. ఆ మూడు నిమిషాల్లో ప్రకటన కాకుండా మైదానాన్నే చూపించి, కోచ్ ఎవరిని పిలిచి ఏం చెబుతున్నాడో చెప్పగలిగే ఛానెల్‌కే మార్కులు.

ఇంగ్లిష్ నచ్చకపోతే స్పానిష్ ఉంది. అమెరికాలో 2018 నుంచి వరల్డ్ కప్ స్పానిష్ ప్రసారం టెలిముండోది. అక్కడ ఆండ్రెస్ కాంటార్, ఊపిరి ఆగేదాకా సాగే ఆ "గో...ల్" కేక ఆయనదే. ఒక్క ముక్క స్పానిష్ రాకపోయినా ఫర్వాలేదు. ఆ కామెంటరీ రేడియో సంప్రదాయంలోంచి వచ్చింది, బంతి ఎవరి కాలి దగ్గరుంటే వాడి పేరు ఆగకుండా చెబుతూ పోతారు. గొంతు ఎత్తు పెరుగుతోందంటే బంతి గోల్ వైపు వెళ్తోందని అర్థం. వంటింట్లో ఉన్నవాడు కూడా పరుగెత్తుకొచ్చి గోల్ చూడొచ్చు. పైగా టెలిముండో, ఫాక్స్, ఎన్‌బీసీ, సీబీఎస్ నాలుగూ చాలా నగరాల్లో మామూలు యాంటెన్నాతో ఉచితంగా వస్తాయి. ఇరవై ముప్ఫై డాలర్ల యాంటెన్నా కిటికీకి అంటించి టీవీలో ఛానెల్ స్కాన్ చేస్తే సరి. టవర్లు ఉన్న వైపు కిటికీ ఎంచుకోవాలి, రేకులాంటి లోహపు తెర ఉన్న కిటికీ అయితే సిగ్నల్ చస్తుంది.

అమెరికా సొంత లీగ్ ఎమ్మెల్ఎస్ లెక్క వేరు. ఇక్కడ బొమ్మ కూడా వాళ్లదే. 2023లో ఆపిల్‌తో పదేళ్లకని ఒప్పందం చేసుకుని, తర్వాత దాన్ని 2028-29 సీజన్ దాకా కుదించారు. మ్యాచ్‌లన్నీ ఒకేచోట, ఊరిని బట్టి కొన్ని మ్యాచ్‌లు రాకుండా ఆపేయడం (బ్లాక్ అవుట్) లేదు. మొదట విడిగా సీజన్ పాస్ కొనాల్సి వచ్చేది, 2026 నుంచి మామూలు ఆపిల్ టీవీ చందాలోనే, నెలకు 12.99 డాలర్లు. బొమ్మ నాణ్యతలో ఇది అందరికంటే శుభ్రం. 1080పీ, సెకనుకు దాదాపు 60 ఫ్రేములన్న అమెరికా లెక్క ప్రకారమే తీసిన బొమ్మ, గడ్డి గడ్డిలాగే కనిపిస్తుంది. ఇంగ్లిష్, స్పానిష్ రెండూ ఉంటాయి, కెనడా జట్లకు ఫ్రెంచ్ కూడా. లోటు ఏమిటంటే, కామెంటేటర్లను ఈ వారం ఆ ఊరికి, వచ్చే వారం ఈ ఊరికి తిప్పుతారు. నిష్పక్షంగా ఉంటారు గానీ జట్టు సంగతులు పైపైనే తెలుస్తాయి. దానికి మందు ఆడియో మెనూలోనే ఉంది. చాలా మ్యాచ్‌లకు సొంతజట్టు రేడియో కామెంటరీ పెట్టుకోవచ్చు. ఫ్రిస్కోలో ఉండి ఎఫ్‌సీ డాలస్ చూసే తెలుగువాళ్లు ఒకసారి అది మార్చి చూడాలి, వేరే ఆటలా ఉంటుంది. ఆలస్యంగా చూసే అలవాటుంటే యాప్ సెట్టింగుల్లో స్కోర్లు చూపకుండా ఆపే మీట కూడా ఉంది.

స్పెయిన్ లా లీగా 2021 నుంచి ఈఎస్‌పీఎన్ యాప్‌లో ఉంది. కామెంటరీ నిదానంగా, పెద్దమనిషి తరహాలో ఉంటుంది. స్టూడియో పెద్దగా లేదు, లేకపోయినా నష్టం లేదు.

ఇంటివైపు సర్దుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. యూరప్‌లో మ్యాచ్‌ని సెకనుకు 50 ఫ్రేముల్లో తీస్తారు, అమెరికా ప్రసారం దాదాపు 60. ఈ మార్పిడి నాసిగా జరిగితే, పొడవైన పాస్ వెళ్లేటప్పుడు బంతి చిన్న చిన్న గెంతులు వేసినట్టు కనిపిస్తుంది. ఇంటర్నెట్ బాగోలేదనుకుని రౌటర్ మార్చేస్తారు జనం, దానికీ దీనికీ సంబంధం లేదు. టీవీలో కదలికను నున్నగా చూపే మోషన్ స్మూదింగ్ సెట్టింగ్‌ను పూర్తిగా పైకి పెడితే ఇంకా పాడవుతుంది, బంతి చుట్టూ మసక వస్తుంది. తక్కువలో పెట్టండి, లేదా ఆపేయండి. "స్పోర్ట్స్ మోడ్" జోలికి పోవద్దు, అది రంగు, పదును పెంచి గడ్డిని ప్లాస్టిక్ చేస్తుంది. ఫాక్స్, ఏబీసీ తక్కువ గీతలుండే 720పీలో, ఎన్‌బీసీ, సీబీఎస్ 1080ఐలో ప్రసారం చేస్తాయి కాబట్టి యాంటెన్నాలో ఫాక్స్ కాస్త మెత్తగా కనిపిస్తే టీవీ తప్పు కాదు.

ఆలస్యం సంగతి. యాంటెన్నా, కేబుల్ కంటే స్ట్రీమింగ్ అర నిమిషం వెనక ఉండటం మామూలే, ఒక్కోసారి నిమిషం దాకా పోతుంది. ఇండియాలో ఉన్న బావమరిది వాట్సాప్‌లో పెట్టే "గోల్!!!" ముందు వచ్చి, గోల్ తర్వాత వస్తుంది. ఫోన్ బోర్లా పెట్టడం ఒక్కటే ఉపాయం. యాప్‌లో పాజ్ చేసి మళ్లీ వదిలితే ఆ వెనకబాటు అలాగే ఉండిపోతుంది, లైవ్ మీట నొక్కితేనే ముందుకు వస్తుంది.

కామెంటేటర్ నోరు భరించలేనిదైతే, ఐదు స్పీకర్ల ఆడియో ఉన్నవాళ్లు రిసీవర్‌లో సెంటర్ ఛానెల్ మట్టుకు తగ్గించుకోవచ్చు. 5.1లో వచ్చే ప్రసారాల్లో మాట ఎక్కువగా మధ్య స్పీకర్లోంచి, జనం గోల పక్క స్పీకర్లలోంచి వస్తుంది. మధ్యది బాగా తగ్గిస్తే స్టేడియంలో కూర్చున్నట్టుంటుంది. టీవీ సొంత స్పీకర్లు వాడేవాళ్లు, మాట స్పష్టంగా వినిపించే "క్లియర్ వాయిస్" లాంటి సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆపేయాలి, అది జనం గోలను పీక నొక్కేస్తుంది.

చివరగా గడియారం. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం మూడంటే న్యూజెర్సీలో ఉదయం పది, డాలస్‌లో తొమ్మిది, బే ఏరియాలో ఏడు. పన్నెండున్నర మ్యాచ్ అయితే బే ఏరియావాళ్లు నాలుగున్నరకు లేవాల్సిందే. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతుంది, బ్రిటన్, యూరప్ మార్చి చివరి ఆదివారం దాకా జరపవు. ఆ రెండు మూడు వారాలూ పది గంటల మ్యాచ్ పదకొండుకు వస్తుంది. మంగళ, బుధవారాల ఛాంపియన్స్ లీగ్ మధ్యాహ్నం మూడుకు బదులు నాలుగుకు. అక్టోబరు చివర్లో కూడా ఒక వారం ఇదే తంతు. సమయం చూసి చేతితో రికార్డింగ్ పెట్టుకునేవాళ్లకు ఆ వారాల్లో మ్యాచ్ రెండో సగం ఎగిరిపోతుంది. మ్యాచ్ పేరు మీద రికార్డింగ్ పెట్టి, చివర ఒక అరగంట అదనంగా కలుపుకోండి. ఇంజురీ టైమ్ ఇప్పుడు పది నిమిషాల దాకా పోయే రోజులున్నాయి.